తిక్క వేరు, పిచ్చి వేరు, వెర్రి వేరు

"వాడికి కాస్త తిక్క" అన్న మాటకు అర్థం చెప్పమంటే చాలామంది "అంటే పిచ్చి" అని తేల్చేస్తారు. నిఘంటువులు కూడా తిక్క పక్కన పిచ్చి, వెర్రి అని రాసి చేతులు దులుపుకుంటాయి. నిజంగా మూడూ ఒకటే అయితే ఒకదాని చోట మరొకటి పెట్టినా వాక్యం నిలబడాలి కదా. పెట్టి చూద్దాం.

"వాడికి సినిమా పిచ్చి" అంటాం. "సినిమా వెర్రి" అన్నా చెల్లుతుంది. "సినిమా తిక్క" అని మాత్రం ఎవరూ అనరు. "ఆ పిల్లంటే వాడికి పిచ్చి" అంటే ప్రేమ. "ఆ పిల్లంటే వాడికి తిక్క" అంటే ఆ పిల్ల కనబడితేనే ఒళ్లు మండుతుందని! పిచ్చికుక్క ఉంది, వెర్రికుక్క ఉంది, తిక్క కుక్క లేదు. మనవరాలిని దగ్గరికి తీసుకుని అమ్మమ్మ "పిచ్చి తల్లీ", "వెర్రి నా తల్లీ" అంటుంది కానీ "తిక్క తల్లీ" అనదు. అదే ఎవరైనా అడిగినదానికి అడ్డదిడ్డంగా జవాబిస్తే అది తిక్క సమాధానం. "పిచ్చి సమాధానం" అన్నామంటే అర్థం మారిపోయింది: పిచ్చి సమాధానం తెలియక చెప్పినది, తిక్క సమాధానం తెలిసి చెప్పినది.

కీలకం ఈ చివరి తేడాలోనే ఉంది. పిచ్చిలో కోరిక ఉంటుంది, హద్దు దాటిన కోరిక. వెర్రిలో అమాయకత్వం ఉంటుంది, ఏదో లోపించిన అమాయకత్వం. తిక్కలో మాత్రం ఇష్టం ఉంటుంది, "నా ఇష్టం" అంటామే, ఆ ఇష్టం. తిక్క ఉన్నవాడికి లోకం తీరు తెలుసు. తెలిసే దానికి అడ్డంగా నడుస్తాడు. పిచ్చివాణ్ని చూస్తే జాలి, వెర్రివాణ్ని చూస్తే నవ్వు, తిక్కలోణ్ని చూస్తే కాస్త భయం. మొండివాడికీ తిక్కలోడికీ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. మొండివాడు నిన్న కాదన్నది ఇవాళా కాదంటాడు, కాబట్టి వాడితో వేగడం ఒక రకంగా సులువు. తిక్కలోడు నిన్న కాదన్నదాన్ని ఇవాళ అడగకుండానే చేసిపెట్టి, రేపు మళ్లీ కాదంటాడు.

తిక్కలోడులో ఆ "ల" ఎక్కడిది?

తిక్క నిన్నమొన్నటి యాస మాట కాదు. 1852లో అచ్చయిన బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు నాటికే అది పిచ్చి అనే అర్థంలో స్థిరపడి ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు, ఉర్దూ నుంచీ కాదు. అచ్చ తెలుగు మాట, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ద్రావిడ మాట. కన్నడంలో దీని తోబుట్టువు "తిక్కలు". కన్నడిగులు కూడా దాన్ని ఆసుపత్రికి చేర్చాల్సిన ఉన్మాదానికి కాకుండా, మనిషి వంకర నడతకే ఎక్కువగా వాడతారు. ఉన్మాదానికి వాళ్లకు "హుచ్చు" అని వేరే మాట ఉంది.

ఈ కన్నడ రూపం మన వ్యాకరణంలో ఒక చిన్న చిక్కును విప్పడానికి పనికొస్తుంది. పిచ్చి ఉన్నవాడు పిచ్చోడు. వెర్రి ఉన్నవాడు వెర్రోడు. ఆ లెక్కన తిక్క ఉన్నవాడు "తిక్కోడు" కావాలి. కానీ జనం నోట్లో "తిక్కలోడు" అయ్యాడు, ఆడపిల్ల "తిక్కల పిల్ల" అయింది. ఆ "ల" రెండు దారుల్లో వచ్చి ఉండొచ్చు. ఒకటి బహువచనం దారి: మాయలు చేసేవాడు మాయలవాడు, మాయలోడు అయినట్టే తిక్కలు చేసేవాడు తిక్కలవాడు, తిక్కలోడు. ఇంకొకటి, కన్నడంలోలాగే మనకూ "తిక్కలు" అనే ఏకవచన రూపం ఒకప్పుడు వాడుకలో ఉండి, అది ఈ సమాసంలో మాత్రం మిగిలిపోవడం. రెండోదే నాకు నచ్చుతుంది. ఎందుకంటే "తిక్కలు చేస్తున్నాడు" అని విడిగా అనే వాడుక మనకు లేదు. తిక్క పనులు చేస్తాడు, తిక్క వేషాలు వేస్తాడు, తిక్క చేష్టలు చేస్తాడు. విడిగా బహువచనమే లేని మాటకు సమాసంలో బహువచనం పుట్టుకొచ్చిందనడం అంత నమ్మదగ్గది కాదు. కన్నడ సరిహద్దుకు ఆనుకున్న రాయలసీమలో తిక్క, తిక్కలోడు అన్న మాటలు ఎంత జోరుగా వినిపిస్తాయో తెలిసినవాళ్లకు ఈ వాదన ఇంకాస్త సులువుగా ఎక్కుతుంది.

ఇంకొంచెం వెనక్కి పోతే తమిళంలో "తికై" అనే క్రియ కనిపిస్తుంది. ఏం చేయాలో తోచక నిలబడిపోవడం, తెల్లబోవడం దాని అర్థం. మన "తికమక"లోని మొదటి సగం దానికి ఎంత దగ్గరగా ఉందో చెవికే తెలుస్తుంది. తిక్కను కూడా ఈ వరుసలోనే కూర్చోబెట్టవచ్చనుకుంటే, దాని మొదటి అర్థం అయోమయం అయి ఉండాలి. విచిత్రం చూడండి: అయోమయంతో మొదలైన మాట ఇప్పుడు తానేం చేస్తున్నాడో బాగా తెలిసినవాడికి అంటుకుంది. ఎదుటివాళ్లను తికమక పెట్టేవాడే తిక్కలోడు అనుకుంటే ఈ మలుపు అర్థమవుతుంది. అయోమయం వాడిది కాదు, చూసేవాళ్లది.

మరి తిక్కన?

బడిలో కవిత్రయం పాఠం చెప్పే రోజున వెనక బెంచీల్లో నవ్వు పుట్టించే పేరు ఇది. పదమూడో శతాబ్దపు మహాకవి, మహాభారతంలో విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసినవాడు, నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. అంతటివాడికి ఇంట్లోవాళ్లు పిచ్చి అని పేరు పెట్టుకుంటారా?

పెట్టుకోరు. ఆ కాలంలో నెల్లూరు ప్రాంతంలో తిక్క అనేది గౌరవప్రదమైన మగవాళ్ల పేరు. పోత, ఎఱ్ఱ, కేత అనే పేర్లకు అన్న చేరి పోతన, ఎఱ్ఱన, కేతన అయినట్టే తిక్కకు అన్న చేరి తిక్కన అయింది. కవి తిక్కనకు దాయాది అయిన ఖడ్గ తిక్కన వీరుడిగా కథలకెక్కాడు. అసలు మనుమసిద్ధి తండ్రి పేరే తిక్క. చోడ తిక్కరాజు. ఆ రాజు తమిళ శాసనాల్లో తిరుక్కాళత్తిదేవుడిగా కనిపిస్తాడు. కాళత్తి అంటే శ్రీకాళహస్తి. అంటే తెలుగు నోట్లో తిక్క అయిన పేరుకు వెనక కాళహస్తీశ్వరుడు ఉన్నాడన్నమాట. "తిరుక్కాళత్తి" అన్న పొడుగు పేరు ఇంట్లో పిలుపుకు "తిక్క" అయిందనుకుంటే, వేంకటేశ్వర్లు వెంకి అయినట్టే ఉంటుంది.

కాబట్టి కవి పేరులోని తిక్కకూ యాసలోని తిక్కకూ చుట్టరికం కలపక్కర్లేదు. శబ్దం ఒకటే, పుట్టుక వేరు. ఇలాంటి జంట మనకు ఇంకొకటి ఉంది. "వెర్రి వెంగళప్ప" అంటాం. పాత తెలుగులో "వెంగలి" అంటే తెలివితక్కువవాడు. "వెంగలివిత్తు" అని కూడా తిట్టేవాళ్లు. దానికి అప్ప చేరి వెంగళప్ప. అదే సమయంలో వెంగళ, వెంగమాంబ, వెంగయ్య అనేవి వేంకటాచలపతి మీది భక్తితో పెట్టుకున్న పేర్లు. తిరుమల కొండకు తమిళంలో వేంగడం అని పేరు. దేవుడి పేరూ తిట్టూ ఒకే శబ్దంలో ఇరుక్కుపోవడం పాపం ఎవరి తప్పూ కాదు.

తిక్క కుదరడం అంటే తగ్గడమా, పెరగడమా?

తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లు, ఈ కాలం అనువాద యంత్రాలు కూడా, బోల్తా పడే చోటు "తిక్క కుదిరింది". పెళ్లి కుదిరింది అంటే ఖాయమైంది. బేరం కుదిరింది అంటే తెగింది. ఆ లెక్కన తిక్క కుదిరిందంటే తిక్క స్థిరపడిందని అర్థం రావాలి. వచ్చేది సరిగ్గా దానికి తలకిందులు: వాడికి తగిన శాస్తి జరిగింది, పొగరు దిగింది.

చిక్కంతా "కుదురు" అన్న క్రియలో ఉంది. కుదురు అంటే చలించకుండా నిలవడం. కుండ అడుగున పెట్టే గడ్డి చుట్టను కుదురు అనేది అందుకే. అల్లరి మానిన పిల్లవాడు కుదురుగా కూర్చుంటాడు. ఆ దారిలోనే జబ్బుకు కూడా ఈ క్రియ వాడేవాళ్లు. జబ్బు కుదిరింది అంటే నయమైంది అని. ఇప్పుడు జ్వరానికి "తగ్గింది" అంటున్నాం కాబట్టి ఆ అర్థం మరుగున పడింది కానీ, పాత సామెతలో పదిలంగా ఉంది: "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట". పిచ్చి నయమైపోయిందని తనే ప్రకటించుకుని, తలపాగా బదులు రోకలి చుట్టమన్నాడు. ఇక్కడ కుదరడం అంటే నయం కావడమని తెలియకపోతే ఈ సామెతలో నవ్వు పుట్టదు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు అన్న సామెతలో అయితే రెండు కుదురులనూ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబెట్టి ఆడుకున్నారు.

తిక్కకు వచ్చేసరికి ఆ వైద్యం మందులతో కాకుండా దెబ్బలతో జరుగుతుంది. అప్పులవాళ్లు ఇంటిమీద పడితే, పై అధికారి నిలదీస్తే, వర్షంలో గొడుగు వద్దని వెళ్లినవాడు తడిసి జలుబు తెచ్చుకుంటే "బాగా తిక్క కుదిరింది" అంటారు. "రోగం కుదిరింది" కూడా ఇదే అర్థంలో వాడతారు. నిజమైన రోగం నయమైనవాణ్ని పలకరించడానికి వెళ్లి ఈ రెండు మాటల్లో ఏదన్నా పొరపాటున అనకండి.

తిక్కతో కలిసే మిగతా క్రియలను చూస్తే ఆ మాట గుణం ఇంకా తేటపడుతుంది. తిక్క లేస్తుంది, తిక్క రేగుతుంది, తిక్క పుడుతుంది, తిక్క పడుతుంది, తిక్క ముదురుతుంది. లేవడం, రేగడం మంటకూ దుమ్ముకూ కోపానికీ వాడే క్రియలు. పట్టడం దయ్యానికీ శనికీ వాడేది. ముదరడం రోగానికి, బెండకాయకు. కోపంతో ఉన్న పొత్తు వల్లే ఇవాళ తిక్కకు మూడో అర్థం బలపడింది. "నాకు తిక్క రేపకు" అంటే రెచ్చగొట్టకు. "పొద్దున్నుంచీ తిక్కతిక్కగా ఉంది" అంటే చిరాగ్గా ఉంది, ఏదీ నచ్చడం లేదు. ఇందులో పిచ్చీ లేదు, వింత నడతా లేదు, ఉత్త విసుగే. ఉన్మాదం, వింత నడత, చిరాకు: ఒకే మాట మూడు మెట్లు దిగింది. పైమెట్టు ఇప్పుడు దాదాపు నిఘంటువులకే పరిమితం. మానసిక రోగిని చూపించి "ఆయనకు తిక్క" అని ఎవరూ అనరు.

ఇక్కడ వాక్య నిర్మాణం గురించి ఒక ముక్క. "వాడికి తిక్క లేచింది" అంటే ఆ పూటకే. "వాడికి తిక్క" అంటే స్వభావం. "వాడు తిక్కలోడు" అంటే ముద్ర. మొదటిది రేపటికి మరిచిపోవచ్చు, మూడోది ఊళ్లో ఇంటిపేరైపోతుంది.

పంటకు పట్టే వెర్రి

వెర్రిని పాత పుస్తకాల్లో బండి ఱతో "వెఱ్ఱి" అని రాసేవాళ్లు. తమిళంలో దీనికి జంట "వెఱి". సంగం కాలపు తమిళ కవిత్వంలో వెఱియాటం అనే ఘట్టం ఉంటుంది. పిల్ల ప్రేమలో పడి చిక్కిపోతుంటే, సంగతి తెలియని తల్లి మురుగన్ పూనాడేమోనని వేలన్ అనే పూజారిని పిలుస్తుంది. అతను పూనకంతో ఊగుతూ ఆడే ఆట వెఱియాటం. అంటే మొదట్లో ఈ మాటలో మత్తు, ఆవేశం, పూనకం ఉన్నాయి. తమిళంలో ఆ వేడి నేటికీ చల్లారలేదు. వెఱియన్ అంటే దురభిమానంతో కళ్లు మూసుకుపోయినవాడు, కులం పేరుతో కత్తి పట్టేవాడు. తెలుగులో మాత్రం అదే మాట చల్లబడి, మెత్తబడి, నోట్లో వేలు పెడితే కొరకలేని వెర్రివాడు అయింది. ఆ తమిళ మాట చేసే పని మన దగ్గర పిచ్చి చేస్తుంది: కులపిచ్చి, మతపిచ్చి, డబ్బు పిచ్చి. చెన్నై తెలుగువాళ్లు ఒక భాషలోని వెర్రిని ఇంకో భాషలోకి అలాగే మోసుకుపోతే అమాయకుడు కాస్తా ఉన్మాది అయి కూర్చుంటాడు.

తెలుగు వెర్రికి అసలు కేంద్రం ఏమిటో పట్టుకోవాలంటే పొలానికి వెళ్లాలి. నువ్వు చేలో "వెర్రి తెగులు" అని ఒకటి వస్తుంది. తెగులు పడిన మొక్క పూత పూయాల్సిన చోట పువ్వు భాగాలన్నీ ఆకుపచ్చగా, చిన్నచిన్న ఆకుల్లా మారిపోతాయి. చూడ్డానికి మొక్క గుబురుగా, ఏపుగా ఉన్నట్టే ఉంటుంది, కాయ మాత్రం కట్టదు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి కారణం. దీపపు పురుగులు ఒక మొక్క నుంచి రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలినప్పుడు అది వ్యాపిస్తుంది. తెగులు సోకిన మొక్క మళ్లీ దారికి రాదు కాబట్టి కనబడగానే పీకి తగలబెట్టడం, పురుగును అదుపు చేయడం తప్ప వేరే దారి ఉండదు. వంగలో వచ్చే వెర్రి తెగులు కూడా ఇదే జాతి: ఆకులు గోరంత అయిపోయి, కణుపులు దగ్గరపడి, మొక్క చీపురుకట్టలా తయారవుతుంది. కాపు ఉండదు. సజ్జలో "వెర్రి కంకి తెగులు" వేరు, అది బూజు జాతిది. కంకిలో గింజలు ఉండాల్సిన చోట ఆకుల్లాంటి పీచు బయటికి వస్తుంది.

ఈ మూడింటినీ రైతు ఒకే మాటతో ఎందుకు పిలిచాడు? మొక్క చావడం లేదు, ఎండిపోవడం లేదు. పెరగాల్సిన తీరు మరిచిపోయి ఇంకో తీరుగా పెరుగుతోంది, ఫలం ఇవ్వడం లేదు. తెలుగులో వెర్రి అంటే అచ్చంగా ఇదే. "ఫ్యాషన్ వెర్రితలలు వేస్తోంది" అన్నప్పుడు కూడా కళ్ల ముందు ఉండాల్సిన బొమ్మ ఇలాంటి మొక్కే. కొమ్మలు అక్కర్లేని చోట్ల తలలు లేపి, అసలు పని ఎగ్గొట్టిన మొక్క. అరకు కొండల్లో చలికాలం పసుపుపచ్చ పూలతో మెరిసే వలిసెలను "వెర్రినువ్వులు" అని కూడా అంటారు. అవి చక్కగా గింజ కట్టి నూనె ఇస్తాయి, పాపం వాటికి ఏ తెగులూ లేదు. నువ్వుల్లా ఉండీ నువ్వులు కాకపోవడమే వాటి వెర్రి.

మాటలో మొదటి వకారం జారిపోయి "ఎర్రి" అవడం పల్లె మాటల్లో మామూలే. దీంతో ఒక చిన్న ప్రమాదం ఉంది. ఎర్రోడు అంటే ఎర్రగా ఉన్నవాడా, వెర్రివాడా అన్నది మాట వింటే తెలియదు, ముఖం చూస్తే తెలుస్తుంది. ఈమధ్య ఫోన్లలో తిరిగే "ఎర్రిపప్ప", "ఎర్రిపుష్పం" ఈ కొమ్మకు పూసినవే. రెండోదానిలో హాస్యమంతా పువ్వును పుష్పం చేయడంలో ఉంది. పల్లె తిట్టుకు సంస్కృతం శాలువా కప్పారు.

పిచ్చి, పైత్యం, చాదస్తం

పిచ్చి పుట్టుక మీద పండితులు ఒక్క మాట మీద లేరు. తమిళ "పిత్తు", "పిచ్చు", కన్నడ "హుచ్చు" దీని బంధువులు. కన్నడంలో మాట మొదటి పకారం హకారం కావడం తెలిసిందే: పాలు హాలు అయింది, పులి హులి అయింది, పువ్వు హూవు అయింది. పేచీ ఎక్కడంటే, ఈ గుంపు మొత్తం సంస్కృత "పిత్తం" నుంచి వచ్చిందా, లేక ద్రావిడ మాటకు పిత్తం తర్వాత తోడైందా అని. ఒళ్లో పిత్తం పెరిగితే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, మాట తూలుతుంది అన్నది పాత వైద్యం. శివుణ్ని తమిళ భక్తకవి సుందరర్ తన మొదటి పాటలోనే "పిత్తా" అని పిలిచాడు. అది తిట్టు కాదు, చనువు. అమ్మమ్మ "పిచ్చి తల్లీ" అనే చనువుకు ఇది బాగా దూరపు చుట్టం.

పిత్తం నుంచి అనుమానం లేకుండా వచ్చిన మాట ఒకటి మనకు ఉంది: పైత్యం. తమిళంలో పైత్తియం అంటే నేరుగా పిచ్చే. తెలుగులో పైత్యం మొదట కడుపులోనే ఉండేది. నోరు చేదెక్కితే, తల తిప్పితే పైత్యం చేసిందని జీలకర్ర నమిలేవాళ్లు, నిమ్మరసం తాగేవాళ్లు. అక్కణ్నుంచి అది తలకెక్కింది. ఇప్పుడు పైత్యం అంటే అడగని చోట చూపించే సొంత తెలివి. పాత పాటను పాడుచేసే కొత్త బాణీ, పులిహోరలో చీజ్ వేసే వంట, శుభలేఖలో రాసిన సొంత కవిత్వం, ఇవన్నీ పైత్యం. దీనికి ఒక షరతు ఉంది: మనిషి ఏదో ఒకటి తయారుచేసి ఉండాలి. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి తిక్క ఉండొచ్చు కానీ పైత్యం ఉండదు.

చాదస్తం కథ ఇంకా దూరం నుంచి వచ్చింది. ఛందస్సు అంటే వేదం. వేదం చదివినవాడు ఛాందసుడు, ఒకప్పుడు అది గౌరవం. స్వరం తప్పకూడదు, మడి తప్పకూడదు, లెక్క తప్పకూడదు అని ఎప్పుడూ పట్టుబట్టే మనిషితో వేగలేక చుట్టుపక్కలవాళ్లు ఆ బిరుదును వెక్కిరింతగా మార్చారు. ఛాందసం కాస్తా చాదస్తం అయింది. తాళం వేశామా లేదా అని మూడుసార్లు వెనక్కి వచ్చి చూసేది చాదస్తం, తాళం వేయకుండా కావాలనే వెళ్లిపోయేది తిక్క.

పిచ్చికి ఈ తరం ఇచ్చిన కొత్త ఉద్యోగం కూడా చెప్పుకోవాలి. చివరి ఇకారం ఊడి "పిచ్చ" అయి, నామవాచకం ముందు బలం కోసం నిలబడుతోంది: పిచ్చ కామెడీ, పిచ్చ కోపం, పిచ్చ క్లారిటీ. ఇక్కడ పిచ్చ అంటే "చాలా". పిచ్చపిచ్చగా నచ్చింది అన్న మాటను ఏ డాక్టరూ పట్టించుకోడు. తిక్క ఈ పనికి ఎప్పుడూ రాలేదు. కోరికకు కొలత ఉంటుంది కాబట్టి పిచ్చి కొలమానం కాగలిగింది. తిక్కకు కొలత ఎక్కడిది?

లేదనుకునే చోటే 2012లో గబ్బర్ సింగ్ సినిమా డైలాగు ఒకటి తిక్కకు లెక్కను జతచేసి ఊరూరా మోగిపోయింది. క్క ప్రాస కలవడం ఒక్కటే కాదు దాని బలం. అంతవరకూ ఎదుటివాడి మీద వేసే మాటను హీరో తన మీద తనే వేసుకున్నాడు, పైగా గొప్పగా. పిచ్చిని, వెర్రిని అలా ఛాతీ మీద బిళ్లలా పెట్టుకోవడం కుదరదు. "నాకు వెర్రి ఉంది" అని ఏ హీరో అంటాడు? ఇష్టం అనేది తిక్కలో ముందునుంచీ దాగి ఉంది కాబట్టే అది పొగడ్తగా మారగలిగింది. ఆ తర్వాత కుర్రవాళ్ల బండ్ల మీద, ఆటోల వెనక ఈ మాట సగర్వంగా వెలిసింది.

ఊళ్లు, మరలు, ఇంగ్లిషు

ప్రతి ప్రాంతానికీ "అక్కడికి పంపాలి" అని వేళాకోళమాడే ఊరు ఒకటి ఉంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల అది ఎర్రగడ్డ, ఉత్తరాంధ్రలో చినవాల్తేరు. రెండుచోట్లా ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు ఉండటమే కారణం. మద్రాసువాళ్లకు కీల్పాక్, హిందీవాళ్లకు ఆగ్రా, రాంచీ, కోళికోడువాళ్లకు కుతిరవట్టం. ఆ ఊళ్లలో కాపురముండేవాళ్లు చిరునామా చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ల ముఖంలో నవ్వు భరించాల్సిందే.

హైదరాబాదులో దక్కనీ ఉర్దూ నుంచి వచ్చిన "హౌలా" ఉంది. హౌలాగాడు అంటే తలా తోకా లేని పనులు చేసేవాడు. అది తిక్క కంటే వెర్రికే దగ్గర. ఇంగ్లిషు నుంచి వచ్చినవి చాలావరకు యంత్రాల భాష: క్రాక్, లూజు, స్క్రూ లూజు, నట్టు లూజు. తల ఒక మర అనీ, ఎక్కడో బిగింపు తప్పిందనీ ఊహ. "తేడా" అచ్చంగా దీనికి దేశవాళీ రూపం, "మనిషి కొంచెం తేడా" అంటే చాలు, ఏమిటా తేడా అని ఎవరూ అడగరు.

మెంటల్, సైకో వేరే జాతి. క్రాక్, లూజు అనేవి వింతను ఎత్తిచూపితే, ఇవి రోగం పేరు పెడతాయి. ఇంగ్లిషులో మానసిక అని మాత్రమే అర్థమున్న విశేషణాన్ని మనం "మెంటలోడు" అని నామవాచకం చేసి తిట్టుగా స్థిరపరిచాం. చట్టం ఈలోగా వేరే దారిన నడిచింది. 1912 నాటి చట్టం పేరులో ఉన్న లూనసీ అన్న మాట 1987 చట్టంతో పోయింది, 2017 చట్టం చికిత్సను రోగి హక్కుగా రాసింది. పిచ్చాసుపత్రి బోర్డు మారింది, నోటి మాట మారలేదు. డిప్రెషన్‌తో డాక్టరు దగ్గరికి వెళ్లినవాణ్ని "మెంటల్" అంటే వాడు రెండోసారి వెళ్లడు. ఆ నష్టం తిక్క అన్న మాట వల్ల జరగదు, ఎందుకంటే అది రోగాన్ని ఎప్పుడో వదిలేసి స్వభావంలో స్థిరపడింది. రాసేవాళ్లు వింత నడతను చెప్పాల్సివస్తే తిక్కనే వాడుకోవచ్చు, జబ్బును చెప్పాల్సివస్తే ఈ గుంపులో ఏ మాటా పనికిరాదు, జబ్బు పేరే రాయాలి.

ఎవరిని అనొచ్చు అన్న లెక్క కూడా ఉంది. పిల్లల్ని, తమ్ముళ్లను, సాటివాళ్లను ముఖం మీదే "తిక్క వేషాలు వేయకు" అనొచ్చు. పెద్దవాళ్ల గురించి చాటుగా మాత్రమే, అదీ మెత్తగా: "మామయ్యగారు కాస్త తిక్క మనిషి లెండి". "మనిషి" చేరగానే తిట్టు పోయి హెచ్చరిక అవుతుంది, ఆయనతో జాగ్రత్త అని. "మీకేమన్నా తిక్కా?" అని పెద్దవాళ్లను అడిగితే ఆ "మీరు" మర్యాద ఏమాత్రం కాపాడదు. ఆడవాళ్ల విషయంలో "తిక్కది" చాలా మొరటు. "తిక్కల పిల్ల" అంటే కోపంలో కూడా కాస్త మురిపెం మిగులుతుంది.

అనువాదకుల తలనొప్పి కూడా ఇదే. సినిమాల కింద వేసే ఇంగ్లిషు అక్షరాల్లో తిక్క, పిచ్చి, వెర్రి, మెంటల్ నాలుగింటికీ ఒకటే మాట పడుతుంటుంది. "వాడికి తిక్క" వస్తే ముందు చూడాల్సింది వెనకున్న క్రియను. లేచింది, రేగింది అని ఉంటే కోపం. కుదిరింది అని ఉంటే శాస్తి. క్రియ ఏదీ లేకుండా ఉత్తగా "తిక్క" అని ఉంటే స్వభావం. "తిక్కలోడు తిరనాళ్లకు పోతే ఎక్కా దిగా సరిపోయింది" అన్న సామెత మాత్రం ఏ భాషలోకీ సరిగా దిగదు. రంగులరాట్నం మీద పొద్దంతా ఎక్కుతూ దిగుతూ, దేవుణ్ని చూడకుండానే ఇంటికి వచ్చేసినవాడు వాడు. తిరనాళ్లలో గుడి ఎక్కడుందో వాడికి తెలుసు.